కండ్లు తెరిచిన కాయ

సీతపండు కండ్లు తెరిచిందంటే
ఇగ రెండు రాత్రులే దాని ఆయుష్షు.
మూడో పొద్దుకు పట్టుకుంటే చేతులనే చిట్లుతది.

అందుకే తండా చాందీబాయి
గంప నెత్తిన పెట్టుకొని గుట్ట దిగుతుంటే
నడిచేది కాదు, ఉరికేది.
బాలానగర్ చౌరస్తాల బస్సు ఆగితే
కిటికీలకెల్లి వచ్చిన చెయ్యి ఎంతంటే అంతకు.
పొద్దు గూకితే సగం ధర,
చీకటి పడితే మిగిలింది మేకలకు.
కొనేటోడు ఎరుక గలోడు.
"రేపటికి పారబోసేదే గదా" అంటడు.
అబద్ధమైతే తిట్టేది. నిజమాయె.

మూడేండ్ల కింద రాళ్ల చెల్కల షెడ్డు లేసింది.
రేకుల కప్పు, తెల్ల పలకల గోడలు,
లోపల ఒక గది:
సున్నకు కింద పద్దెనిమిది.
సున్నకు కింద గూడ లెక్క ఉంటదని
అప్పుల పుస్తకంల చూసిన గానీ
గోడ మీద ఎర్ర అంకెలల్ల చూసుడు గిదే మొదలు.

పొద్దున ఏడింటికి తలకు టోపీ, నోటికి గుడ్డ.
గాజులు తీసి డబ్బాల పెట్టాలె,
మెట్టెలు మాత్రం ఉండనిచ్చిన్రు.
కాయను విప్పుతం, తొనను ఒత్తుతం,
గింజ జారుతది, గుజ్జు నిలుస్తది.
గాలి తగిలి రంగు మారకముందే సంచిల పడాలె.
కిలోల ఒక్క గింజ కనబడ్డదా,
అయిదు రూపాయలు కోత.

నిరుడు మిషను వచ్చింది, లారీల, పూలదండతోని.
గింజ పలిగింది, గుజ్జు చేదెక్కింది.
మొయిన్ సారు దాన్ని మూలకు జరిపిచ్చి
"మీ ఏళ్లే నయమమ్మా" అన్నడు.
కూలి పెంచమని అడగాల్సింది అప్పుడే.
మురుసుడుల మరిచిపోయినం.

ఇవే ఏళ్లు బొంబాయిల సిమెంటు కలిపినయి.
ఉశనమ్మ పదకొండేండ్లు కలిపింది,
ఆమె గోర్ల సందులల్ల ఇంకా బూడిద రంగుంటది.
ఈసారి దసరాకు
ఆమె ఇంటికి తాళం లేదు.
ఇంతకన్న పెద్ద ముచ్చట
నాకు చెప్పరాదు.

కానీ పండు మూడు నెలలే.
మిగిలిన తొమ్మిది నెలలు
గదికి కరెంటు ఉంటది, మాకు పని ఉండదు.
ఉసిరికాయ తెస్తం, టమాట తెస్తం అంటున్నరు.
తేవాలె.
రోడ్డు పొంటి టమాట పారబోసి
దాని మీదికెల్లి ట్రాక్టరు తోలినోళ్లం,
మాకు చెప్పాల్నా.

ఎవలదీ కాని గుట్టకు ఇప్పుడు వేలం పాట.
పిల్లలు రాయి ఇసిరితే కాపలాదారు అరుస్తడు.
చాందీబాయి ఇప్పుడు ఉరకదు,
కాంటా కాడ నిలబడ్తది.
గ్రేడు రెండు, గ్రేడు మూడు అని
ఆమె కాయలకు పేర్లు పెడ్తరు.
గ్రేడు ఒకటి ఎట్లుంటదో
ఇంతవరకు ఆమె చూడలే.

గదిల పెట్టిన గుజ్జు ఎండకాలం దాక ఆగుతది.
ధర ఎక్కినంక లారీ ఎక్కుతది.
ఆగగలిగినోనిదే బేరం.
గీ ఒక్క మాట సమజయ్యేటందుకు
మా అవ్వలు ఎన్ని గంపలు పారబోసిన్రో.
నా కూలి పదైదు దినాలకొకసారి వస్తది,
నేను గూడ ఆగుడు నేర్చుకుంటున్న.
గుజ్జంత బాగ రాదు.

మొన్న ఎండలల్ల జడ్చర్ల పోతే
బిడ్డ మల్లీశ్వరి ఐస్‌క్రీం అడిగింది.
సీతాఫలం బొమ్మ ఉన్న కప్పు, నలభై రూపాయలు.
చాందీబాయి అర్ధ గంప.
మూడో చెంచాకు
బిడ్డ నాలుక మీద నల్లగ, నున్నగ
ఒక గింజ.
దుకాణపాయన చూడకముందే
చెయ్యి చాపి అందుకున్న,
కొంగుల ముడేసుకున్న.
ఎవలి పీట మీదికెల్లి జారిందో,
ఎవలి అయిదు రూపాయలో.